నోని జుట్టు

సురబాయాకి ఎగువ కొండల్లోని లెబక్‌సారిలో, ఒకప్పుడు దేశాన్ని ఏలిన డచ్చివాళ్ళ సమాధుల తోట తాళంచెవి ముప్పై అయిదేళ్ళుగా తుమిరాన్ నడుముకే వేలాడుతోంది. అంతకు ముందు అతని తండ్రి సోమో నడుముకి వేలాడింది. గోడ రెండుచోట్ల కూలిపోయింది. ఊరి మేకలన్నీ ఆ కంతల్లోంచే వచ్చి గడ్డి మేసి పోతాయి. అయినా పొద్దున్నే గేటు తాళం తీయడం, సాయంత్రం మళ్ళీ వేయడం తుమిరాన్ ఒక్కరోజూ మానలేదు.

"గేటు తీశావని మేకలకి చెప్పావా పాక్?" అని కాఫీతోటకి పోయే ఆడవాళ్ళు, పెద్దవాళ్ళని పిలిచే ఆ మాటతోనే పిలుస్తూ, వేళాకోళమాడేవాళ్ళు.

"చెప్పాను. అవి మీకంటే నయం, చెబితే వింటాయి" అనేవాడు.

తోటలో నలభై ఒక్క సమాధులున్నాయి. వాటిలో పద్నాలుగో నంబరుది యొహానా అనే పిల్లది. కాఫీతోట దొర కూతురు. పంతొమ్మిదో ఏట, పెళ్ళి పదిరోజులుందనగా, కొండమీది బంగళాలో జ్వరంతో పోయింది. రాతి మీదా చర్చి పుస్తకంలోనూ ఉన్నది అంతే. మిగిలినదంతా ఊరు చెప్పుకున్నది. దొరల ఇంటి ఆడపిల్లని అక్కడ నోని అంటారు కనుక ఆమె అసలు పేరు ఎవరికీ అవసరం పడలేదు. నోని తెల్లవారుజాము మంచులో తిరుగుతుంది. నోని జుట్టు మోకాళ్ళ దాకా ఉంటుంది. బంగళా మేడ మీద పడమటి కిటికీ దగ్గర కూచుని దువ్వుకుంటుంది, అందుకే ఆ కిటికీ ఎన్నిసార్లు మూసినా తెరుచుకుంటుంది. ఆ బంగళా తర్వాత తోట ఆఫీసయింది. గుమాస్తాలు అయిదు కొట్టకముందే ఇళ్ళకి పోవడానికి ఆ కిటికీ బాగా పనికొచ్చింది.

నోనిని కళ్ళారా చూసిన మనిషి ఊళ్ళో ఒక్కతే ఉంది. సర్పి అని, గడ్డి కోసి అమ్ముకునే ఆవిడ. ఇరవై ఏడేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున కొడవలి పట్టుకుని ఆ గోడ పక్కనే పోతోంది. మంచులో ఎవరో నడుస్తున్నారు. భుజం మీంచి నేల దాకా జుట్టు వేలాడుతోంది. గడ్డిమోపూ కొడవలీ అక్కడే పారేసి ఇంటికొచ్చి మూడురోజులు జ్వరంతో పడుకుంది. "మొహం లేదమ్మా, ఒట్టి జుట్టే" అని లేచాక చెప్పింది. అప్పటి నుంచి చెబుతూనే ఉంది.

ఆ కథకి కొమ్మలూ రెమ్మలూ పెంచినవాడు మాత్రం తుమిరానే. ఎవరైనా పద్నాలుగో నంబరు దగ్గర నిలబడితే చాలు, చీపురు ఆనించి మెల్లగా మొదలుపెట్టేవాడు. రాతిపలక మీద చెయ్యి వేసినవాడికి ఏడాదిలోగా ఇంట్లో ఆడపిల్ల పోతుందనేవాడు. పలక మీద కూచున్న ఒక తోట మేస్త్రీకి మాట పడిపోయిందనేవాడు. ఆ మేస్త్రీకి పక్షవాతం వచ్చింది వేరే ఊళ్ళో, వేరే ఏడాది. ఎవరూ లెక్క చూడలేదు. పలక మీద మాత్రం ఎవరూ చెయ్యి వేయలేదు. తుమిరాన్‌కి కావలసింది అదే.

ఆ పలక కింద అతని అన్న ముల్యాది ఉన్నాడు.

ముల్యాది లుద్రుక్ నాటకాల్లో ఆడవేషం కట్టేవాడు. లుద్రుక్‌లో మగవాళ్ళే ఆడవేషాలు వేస్తారు. కొందరు సవరం పెట్టుకునేవారు కానీ ముల్యాదికి సొంత జుట్టే నడుము దాటి ఉండేది. ఆటకి వెళ్ళేముందు గడప మీద కూచునేవాడు. తమ్ముడు వెనక కూచుని కొబ్బరినూనె రాసి చిక్కుతీసి కొప్పు చుట్టేవాడు. "మెల్లగా లాగరా, ఇది నా కూడు" అనేవాడు ముల్యాది. ఆ కొప్పుతో, ఆ గొంతుతో అతను పాట ఎత్తుకుంటే తోటకూలీల పెళ్ళాలు కూడా అసూయపడేవాళ్ళు.

వాళ్ళ బృందం కమ్యూనిస్టుల రైతు సంఘం సభల్లో ఆడింది. అరవై అయిదులో రాజధానిలో ఏదో జరిగిందన్నారు. నెల తిరక్కుండా సైన్యం నుంచి ఊళ్ళోకి పేర్ల జాబితాలు వచ్చాయి. ముల్యాదిని రిహార్సల్ మధ్యలో తీసుకుపోయారు. నాలుగోరోజున కాఫీతోట కింద ఏటి ఇసుకలో కొందరిని పడేశారని తెలిసింది. తీసుకుపోవడానికి ఎవరొస్తారో చూడ్డానికి రాత్రీపగలూ మనుషుల్ని కాపలా పెట్టారు. తెల్లవారేముందు కాపలావాళ్ళు నిద్రకి పోయినప్పుడు తుమిరాన్ వెళ్ళాడు. అన్నని జుట్టునిబట్టే గుర్తుపట్టాడు.

ఊరి శ్మశానానికి తీసుకుపోవడానికి వీల్లేదు. అక్కడ కొత్తగా మట్టి లేచినా ప్రశ్న లేస్తుంది. తన నడుముకి తాళంచెవి ఉన్న చోటు సమాధుల తోట ఒక్కటే. నోని సమాధి పలక అప్పటికే మూల విరిగి ఉంది. గడ్డపార వేసి జరిపాడు. కింద ఇటుకలతో కట్టిన గది, దాని అడుగున కుంగిపోయిన పెట్టె మీద బురద పేరుకుని ఉంది. ఆ బురద మీద అన్నని పడుకోబెట్టాడు. స్నానం లేదు, తెల్లబట్ట లేదు, చదివించడానికి ఎవరూ లేరు. ఒక్కటి మాత్రం గుర్తొచ్చింది. గోడపక్క తడిమట్టి తీసి ఏడు ముద్దలు చేశాడు. తమవాళ్ళని పడుకోబెట్టేటప్పుడు తల కిందా వీపు కిందా ఆనుగా పెట్టే మట్టి ముద్దలవి. పెట్టి, పలక లాగి, వారం తర్వాత అంచులకి సున్నం పూశాడు.

తప్పు చేశానని అతనికి ఇంటికి పోయాకే తెలిసింది. డచ్చివాళ్ళు తమ శవాన్ని తల పడమటికీ కాళ్ళు తూర్పుకీ పెట్టి పడుకోబెడతారు. ఇటుక గది అలాగే కట్టి ఉంది. హడావిడిలో అన్నని ఆ గది పొడుగునే పడుకోబెట్టాడు. తమవాళ్ళు తల ఉత్తరానికి పెట్టి మొహం పడమటికి, మక్కా వైపు, తిప్పుతారు. ఊళ్ళో చిన్నపిల్లాడికి కూడా తెలిసిన సంగతి. ముల్యాది మొహం అటు తిరిగి లేదు. దిక్కు తప్పిన శవం నిద్రపోదని నాయనమ్మ చెప్పేది. దెయ్యం కథ చెప్పి ఊరంతటినీ భయపెట్టినవాడు, ఆ తోటలో నిజంగా భయపడినవాడు ఒక్కడే. పొద్దున్నే గేటు తీసేటప్పుడు ప్రతిరోజూ పద్నాలుగో నంబరు వైపు ఒకసారి చెవి పెట్టి వినేవాడు.

ఇరవై ఏడేళ్ళు అలా గడిచాయి. ఆ ఏడాది వానలు వెనకబట్టాక మునిసిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది. సమాధుల తోట తీసేసి బస్‌స్టాండు కడతారు. వారసులెవరైనా ఉంటే ఎముకలు తీసుకుపోవచ్చు, లేనివన్నీ ఒకే గోతిలో వేస్తారు. నలభై ఒక్క సమాధుల్లో ఒక్కదానికే జవాబు వచ్చింది. యొహానా తమ్ముడి మనవడట, హాలెండు నుంచి రాశాడు. ఆమెని తెచ్చి సొంత ఊళ్ళో అమ్మానాన్నల పక్కన పెట్టుకుంటామని.

ఆ ఉత్తరం సంగతి చెప్పింది గ్రామ కార్యాలయం గుమాస్తా ప్రియోనో. "అదృష్టం నోనిదే పాక్. మనం చచ్చినా సురబాయా దాటం, ఆవిడ విమానమెక్కుతోంది."

ఊళ్ళో లాటరీ పిచ్చి తారస్థాయిలో ఉన్న రోజులవి. నోని వెళ్ళిపోతోందని తెలియగానే, గెలిచే అంకెలు దెయ్యాలకి తెలుస్తాయని, వాటిని అడగడానికి జనం పద్నాలుగో నంబరు చుట్టూ చాపలు పరిచి, చీకటి పడ్డ దగ్గర్నుంచి తెల్లారేదాకా కూచోవడం మొదలుపెట్టారు. పూలు, సిగరెట్లు, అత్తరు, ఒకాయన కొత్త దువ్వెన కూడా పెట్టాడు. ఎవరూ లేని రాత్రి ఒక్కటి దొరికితే చాలు, తుమిరాన్ అన్నని తీసేయగలడు. కానీ తను పెంచిన దెయ్యమే తన మీద కాపలా పెట్టింది.

తుమిరాన్ మోదిన్ ఇంటికి వెళ్ళాడు. ఊళ్ళో చావు తంతులన్నీ జరిపించే పెద్దాయన, పేరు కస్బోలా. అరుగు మీద కూచుని కాఫీ చల్లారేదాకా వాతావరణం గురించే మాట్లాడి, చివరికి అడిగాడు.

"తెలియక ఎవరైనా మనిషిని దిక్కు తప్పి పడుకోబెడితే ఏం చెయ్యాలండీ?"

"తెలియకా, తెలిసా?"

"హడావిడిలో."

కస్బోలా సిగరెట్ నుసి దులిపాడు. ఎవరినని అడగలేదు. అరవై అయిదులో ఊళ్ళో ఎందరు స్నానం లేకుండా పోయారో, తను ఎన్ని ఇళ్ళకి వెళ్ళకుండా తలుపు వేసుకున్నాడో ఆయనకి తెలుసు. "శరీరం ఉన్నంత వరకూ సరిచేయొచ్చు. ఊరు దాటిపోతే నేనేం చేయలేను" అన్నాడు.

ఇంట్లో కూతురు వినార్తి దరఖాస్తు నింపుతోంది. తల్లి లేని పిల్ల, ఒక్కతే కూతురు. మూడేళ్ళుగా బడిలో తాత్కాలికంగా పాఠాలు చెబుతోంది. ఉద్యోగం ఖాయం కావాలంటే శుభ్రత కాగితం కావాలి. అరవై అయిదు గొడవల్లో ఇంట్లో ఎవరికీ సంబంధం లేదని గ్రామ కార్యాలయం ముద్ర వేసి ఇచ్చే కాగితం.

"పెదనాన్న దగ్గర ఏం రాయను? సుమత్రా తోటలకి పోయి మళ్ళీ ఉత్తరం రాయలేదనేగా?" అంది.

ఆమె పుట్టినప్పటి నుంచీ అతను చెప్పినది అదే. ఆ సాయంత్రం మొదటిసారి నిజం చెప్పాడు. వినార్తి కలం మూత పెట్టింది.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు."

"అయితే పోనీ నాన్నా. ఎలాగూ పూలు చల్లి, గౌరవంగా తీసుకుపోతారు. పోయినవాళ్ళకి ఏ మట్టయినా ఒకటే. నాకు ఒకటి కాదు, నేనింకా ఇక్కడ బతకాలి."

"నోని పేరు మీద పోతాడమ్మా."

"బతికినన్నాళ్ళూ ఆడపేర్లతోనేగా ఆడాడు." అన్నాక తనకే తప్పనిపించినట్టు తల దించుకుంది. కాసేపటికి, "నోరెత్తనని మాటివ్వు" అంది.

తుమిరాన్ మాట ఇచ్చాడు.

సమాధి తెరిచింది ఒక మంగళవారం పొద్దున. నలుగురు కూలీలు, రిజిస్టరుతో ప్రియోనో, శవపేటికల కంపెనీ తరఫున సురబాయా నుంచి బూట్లు వేసుకొచ్చిన ఒక నడివయసాయన. కూలీలు దెయ్యానికి భయపడి చెయ్యి వెయ్యం అని మొరాయిస్తే మోదిన్ కస్బోలాని పిలిపించి దువా చదివించారు. గోడ అవతల సగం ఊరుంది. సర్పి అందరికంటే ముందు నిలబడింది. చూసినదానిగా ఆమెకి ఆ హక్కు ఎవరూ కాదనలేదు.

పలక లేచింది. బురద ఎండి పెంకులా ఉంది. రెండు జానల లోతులో గోధుమరంగు ఎముకలు, వాటి పక్కన తాడులా పాము చుట్టలా జుట్టు. గోడ అవతల జనం ఒక్కసారి వెనక్కి జరిగారు.

"చెప్పానా?" అంది సర్పి. పెద్దగా కూడా అనలేదు.

సురబాయా ఆయన మోకాళ్ళ మీద కూచుని కుంచెతో మట్టి దులిపాడు. "నల్లగా ఉందే. వాళ్ళ జుట్టు పసుపుగా ఉండాలి కదా."

"ఎనభై ఏళ్ళు మట్టిలో ఉంటే మీదీ నాదీ కూడా రంగు మారుతుంది" అన్నాడు ప్రియోనో. "ఊరంతా లాటరీ అంకెలు అడిగిన జుట్టు సార్ ఇది. జాగ్రత్తగా పెట్టండి. ఇంకా లోతుకి అక్కర్లేదు, దొరికిందిగా."

ఒక కూలీ గుండ్రటి గట్టి మట్టిగడ్డలు తీసి గట్టున పెట్టాడు. ఒకటి, రెండు, మూడు. "కందిరీగల గూళ్ళనుకుంటా."

కస్బోలా వంగి ఒకటి తీసుకున్నాడు. అరచేతిలో తిప్పి చూశాడు. దానిమీద నాలుగు వేళ్ళ అచ్చులు ఆరిపోయి అలాగే ఉన్నాయి. మిగిలినవి లెక్కపెట్టాడు. తల ఎత్తి తుమిరాన్ వైపు చూశాడు. గడ్డని మెల్లగా దాని చోట పెట్టేశాడు.

సురబాయా ఆయన పెట్టెలో తెల్లబట్ట పరిచి ముందుగా జుట్టు ఎత్తాడు. చుట్ట విడిపోయి ఒక పాయ కిందికి జారి నేలకి తగిలింది. ఆయన దాన్ని బూటుతో తొక్కకుండా కాలు పక్కకి తీసి, మోచేతికి చుట్టుకుంటూ, "మనవడుగారు చాలా సంతోషిస్తారు" అన్నాడు.

"అది నోని కాదు" అన్నాడు తుమిరాన్.

అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

"నోని ఇంకా కింద ఉంది, పెట్టెలో. తవ్వితే కనిపిస్తుంది. ఇతను మా అన్న ముల్యాది. సోమో పెద్దకొడుకు. అరవై అయిదులో నేనే ఇందులో పెట్టాను."

ప్రియోనో రిజిస్టరు మూసి దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యి వేశాడు. మంచి మనిషే. "ఎండ ఎక్కువగా ఉంది పాక్. తల తిరుగుతున్నట్టుంది మీకు. వెళ్ళి నీడలో కూచోండి. మీరేమన్నారో నాకు వినపడలేదు."

"వినపడకపోతే మళ్ళీ చెబుతాను."

"మీ అమ్మాయి కాగితం నా బల్ల మీదే ఉంది" అన్నాడు ప్రియోనో, ఇంకా మెల్లగా.

"తెలుసు బాబూ." తుమిరాన్ కళ్ళు నేలని తాకిన పాయ మీదే ఉన్నాయి. "ముల్యాది బిన్ సోమో. రాసుకో."

ఇంకో మూరెడు తవ్వాక కుళ్ళిన టేకు ముక్కలు, వాటి కింద చిన్న చిన్న ఎముకలు, తుప్పు పట్టిన దుద్దు ఒకటి దొరికాయి. యొహానా జుట్టు ఏమీ మిగల్లేదు. ఆమెని పెట్టెలో పెట్టుకుని సురబాయా ఆయన మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయాడు.

అన్నకి చుట్టడానికి తెల్లబట్ట కోసం తుమిరాన్ ఇంటికి పోయాడు. కబురు అతనికంటే ముందే చేరింది. వినార్తి గదికి తెర వేసి ఉంది. అతను బట్ట తీసుకుని తెర బయట నిలబడ్డాడు.

"అమ్మా, దువ్వెన ఏదైనా ఉందా?"

జవాబు రాలేదు. వెళ్ళిపోబోతుంటే తెర కిందనుంచి దువ్వెన ఒకటి బయటికి జరిగింది.

ఊరి శ్మశానంలో వెదుళ్ళ పక్క, కొనాకొసన చోటిచ్చారు. పేరుతో కొయ్య పాతకూడదని ప్రియోనో వచ్చి చెప్పిపోయాడు. పైవాళ్ళ మాట అన్నాడు. గోతిలోకి దిగింది ఇద్దరే, కస్బోలా, తుమిరాన్. తల ఉత్తరానికి పెట్టారు, మొహం ఉండవలసిన చోటుని పడమటికి తిప్పారు. తుమిరాన్ కొత్తగా ఏడు ముద్దలు చేశాడు. కస్బోలా చదవవలసిందంతా చదివాడు, ఒక్క మాట కూడా వదలకుండా, ఇరవై ఏడేళ్ళ కిందట చదవనిది కూడా కలిపి చదువుతున్నట్టు చాలాసేపు.

వినార్తికి శుభ్రత కాగితం రాలేదు. బడివాళ్ళు నెలాఖరు దాకా కూడా ఉంచలేదు. ఆమె సురబాయాలో చెప్పుల ఫ్యాక్టరీలో చేరింది. వెళ్ళేరోజు తండ్రికి వంట చేసిపెట్టి, పళ్ళెం మీద మూత పెట్టి, అతను ఇంట్లో లేని వేళ చూసి వెళ్ళింది. దువ్వెన కిటికీలో ఉంది. తీసుకుపోలేదు.

తోట తాళంచెవి తుమిరాన్ మునిసిపాలిటీకి ఇచ్చేశాడు. తీసుకున్న కుర్రగుమాస్తా అదేమిటని అడిగి, చెత్తబుట్టలో వేశాడు.

ఉపవాసాల ముందు వచ్చే రువా నెలలో ఊరంతా శ్మశానానికి పోయి, గడ్డి పీకి, పూలు చల్లి, చాపల మీద కూచుని తమవాళ్ళ పేర్లు చదివించుకుంటారు. ఇళ్ళ నుంచి పేర్ల చీటీలు వస్తాయి, మోదిన్ వరసగా చదువుతాడు, ప్రతి పేరుకీ అందరూ ఆమీన్ అంటారు. తర్వాత అన్నం పొట్లాలు ఒకరివొకరు మార్చుకుంటారు. ఆ ఏడు తుమిరాన్ చాపకి రెండువైపులా ఖాళీ ఉంది. అతను వండి తెచ్చిన పొట్లం ఎవరూ మార్చుకోకపోవచ్చని ముందే తెలిసి, ఒక్కటే తెచ్చుకున్నాడు.

కస్బోలా చీటీలు చదువుతున్నాడు. సోమో పేరు వచ్చింది. ఆమీన్ అన్నారు. తుమిరాన్ భార్య పేరు వచ్చింది. ఆమీన్ అన్నారు. మూడో పేరు దగ్గర ఆయన గొంతు కొంచెం తగ్గింది, కానీ ఆగలేదు.

"ముల్యాది బిన్ సోమో."

ఎవరూ ఏమీ అనలేదు. వెదుళ్ళు గాలికి ఒకదానికొకటి రాసుకున్నాయి. ప్రియోనో తన చెప్పుల వైపు చూస్తున్నాడు. కస్బోలా తర్వాతి చీటీ విప్పకుండా చేతిలో పట్టుకుని కూచున్నాడు.

ఆడవాళ్ళ చాపల వైపునుంచి "ఆమీన్" అంది సర్పి. ఒక్కతే అంది. ఆయన తర్వాతి చీటీ విప్పాడు.

అందరూ లేచి పోతున్నప్పుడు సర్పి తన పొట్లం పట్టుకుని వచ్చి అతని చాప అంచున కూచుంది.

"అయితే నేను చూసింది నిన్నన్నమాట."

"అవును అక్కా."

"నీ భుజం మీద అతను."

"అవును."

"ఇన్నేళ్ళూ ఊరంతా తిరిగి అబద్ధం చెప్పించావు కదా నా చేత. మనవలకి కూడా చెప్పాను." ఆమె కోపంగా లేదు. అతని పొట్లం తీసుకుని తనది అతని ముందు పెట్టింది. విప్పి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. "ఉప్పు తక్కువ. అమ్మాయి ఉత్తరం రాసిందా?"

"లేదు."

సర్పి నమలడం ఆపి వెదుళ్ళ వైపు, పేరు లేని మట్టి వైపు చూసింది.

"అతని ఆట నేను రెండుసార్లు చూశాను. ఏం జుట్టది" అంది. కాసేపాగి, "మళ్ళీ పెట్టేటప్పుడు దువ్వావా?" అని అడిగింది.

"దువ్వాను" అన్నాడు తుమిరాన్. "చిక్కు చాలా ఉంది. మెల్లగానే లాగాను."